ఇంకో కాత సూడాలె

గోదావరిఖని బస్టాండు ముందు జామపండ్ల బండి పక్కనే ఒక చాయ్ హోటలుంది. అందులో ఇప్పటికీ బొగ్గుల పొయ్యే. మొన్న మంచిర్యాల బస్సు కోసం నిలబడి, వస్తుందో రాదో అని నాలుగోసారి గడియారం చూసుకుంటున్నప్పుడు, అప్పుడే రాజేసిన బొగ్గు పొగా, బండి మీద కోసిపెట్టిన జామపండు వాసనా కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. విడివిడిగా అవి ఎక్కడైనా దొరుకుతాయి. కలిసి మాత్రం నాకు ఒక్కచోటే దొరికేవి, మా క్వార్టరు వెనక, నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే పెరట్లో. బండి అతను ఒక ముక్క కోసి, ఉప్పూకారం అద్ది "రుచి సూడమ్మా" అని నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని నోట్లో పెట్టుకోవడం మరచిపోయి అలాగే నిలబడ్డాను.

అరవైల్లో, నాకు ఆరేళ్ళప్పుడు, బాపుకు బాయిలో పని దొరికింది. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బొగ్గు గనిని బాయి అంటాం. మా ఊరు దూరమేమీ కాదు. గోదావరి అవతలి ఒడ్డున, జైపూరు వైపు. ఎండాకాలంలో నది పాయలుగా చీలిపోయాక, ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడిస్తే ఒక్క పూట ప్రయాణం. అంత దగ్గర కావడమే మా ప్రాణానికి వచ్చింది. దూరమై ఉంటే అవ్వ ఏనాడో ఆశ వదులుకునేది. కాలనీ చివర దిబ్బ ఎక్కి చూస్తే నది మీదుగా ఊరి వైపు తాటిచెట్లు కనబడేవి. నీళ్ళకు పోయినప్పుడల్లా బిందె దించి, దిబ్బ ఎక్కి, వాటిని చూసి వచ్చేది. ఈలోగా నల్లా ఆగిపోయేది, వరుసలో వెనక ఉన్నవాళ్ళు అరిచేవాళ్ళు.

ఒక్కచోట కుదురుగా కూర్చున్న అవ్వ నాకు జ్ఞాపకం లేదు. మాకొక రేకు పెట్టె ఉండేది. ఊరి నుంచి వచ్చిన రోజున బట్టలు అందులో ఎలా సర్దిందో, ఏళ్ళు గడిచినా అలాగే సర్దేది. పొద్దున తీసినవి ఉతికి, ఆరేసి, సాయంత్రానికి మళ్ళీ అందులోనే. గోడలో అరలున్నా వాటిలో పాత కాగితం కూడా పరవనిచ్చేది కాదు. చొక్కా తగిలించుకోవడానికి బాపు గోడకు ఒక మేకు కొట్టబోతే చేతిలో నుంచి సుత్తి లాక్కుంది.

"పోయేటోళ్లకు మేకులెందుకు?" అంది.

ఆమెకు క్వార్టరుతో పేచీ లేదు. కరెంటు బుగ్గ వెలిగితే సంబరపడేది. పేచీ అంతా బాపు నేల కిందికి దిగడంతో. బతికుండగా మనిషి మన్ను కిందికి పోవడమేంటని మా అమ్మమ్మ అన్న మాట ఆమె గుండెల్లో కూర్చుంది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరను మాకు బడి గంట లాంటిది, లెక్కే చేసేవాళ్ళం కాదు. ఆమె మాత్రం ప్రతి సైరనుకూ చేస్తున్న పని ఆపి, అది ఎంతసేపు మోగుతుందో వినేది. పిండి పిసికే చెయ్యి పిండిలోనే ఉండిపోయేది.

తెల్లారితే చాలు, కాలనీలో ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు కుప్ప పోసి కాల్చేవాళ్ళు. పొగ పోయి ఎర్రగా కణకణమన్నాక ఆ బొగ్గులను, ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యిలోకి ఎత్తుకునేవాళ్ళు. ఆ అరగంట పక్క వరుస క్వార్టర్లు కూడా కనబడేవి కావు. పొగలో దగ్గుకుంటూ మేం చిర్రగోనె, అంటే గిల్లీదండా, ఆడేవాళ్ళం, కట్టె ఎక్కడ పడిందో వెతకడమే సగం ఆట. నేల మీద అష్టాచెమ్మ గీతలు బొగ్గు ముక్కతోనే. బతుకమ్మ పండుగకు పక్క ఊరి దాకా వెళ్ళి తెచ్చుకున్న తంగేడుపూలు పేర్చేసరికి మసి పట్టి ముదురు పసుపైపోయేవి. సద్దుల నాడు నువ్వులపొడీ, పల్లీలపొడీ, మలీద ముద్దలూ పంచుకుంటుంటే, పళ్ళ కింద అప్పుడప్పుడు సన్నగా కరకరమనేది. అది నువ్వా బొగ్గా అని ఎవరూ విచారించేవాళ్ళు కాదు.

ఒక వానాకాలం, నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, బాపు అంగడి నుంచి డాల్డా డబ్బాలో జానెడు జామ మొక్క తెచ్చాడు. ఆ వారమంతా ఇంట్లో ఊరి గొడవే. అవ్వ రెండు పూటలు అన్నం మానేసింది. బాపు పెరట్లో గుంత తవ్వి, మొక్క పాతి, చేతులు కడుక్కుని వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"ఇగో, గీ చెట్టు కాసి, ఒక్క తియ్యటి పండు నీ నోట్లె పడ్డనాడు నువ్వు ఏదంటే గదే. పోదమంటే పోదం, నౌకరి ఇడిసిపెడ్త. ఉందమంటే ఉందం. గప్పటిదాంక ఊరి మాట ఎత్తద్దు."

"గీ బొగ్గునేలల జామపండు తియ్యగ కాస్తదా?" అంది అవ్వ.

"కాయకుంటె కాయకపాయె."

"కాస్తది. నేను కాపిస్త." లేచి, ముంత తీసుకుని, మొక్కకు నీళ్ళు పోసింది. వచ్చి అన్నం తింది.

బాపు ఆ మాట ఏదో కాలం గడుపుదామని అన్నాడేమో. అవ్వకు మాత్రం అది చేతిలో చెయ్యి వేసి చెప్పినట్టే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఊరి ప్రస్తావన లేదు, చెట్టు ప్రస్తావన తప్ప వేరే లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు అన్నీ చెట్టుకే. బాపు డ్యూటీ దిగి, కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా నలుపుగా వచ్చి, పెరట్లో రాతి మీద కూర్చుని స్నానం చేస్తే, ఆ నల్లని సబ్బునీళ్ళు కూడా కాలవ తీసి చెట్టు మొదట్లోకే పారించేది. రోజూ ఆకుల మీద మసి పడుతుంది కదా, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచే పని నాది. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ. పొద్దున ఎన్ని ఆకులో లెక్కపెట్టి బడికి పోయి, తిరిగొచ్చి మళ్ళీ లెక్కపెట్టి, ఒక్కటీ పెరగలేదని దాన్ని తిట్టేదాన్ని. కాండం చుట్టూ దారం కట్టి లావైందేమో చూసేదాన్ని. ఒకసారైతే వేళ్ళు ఎంత దిగాయో చూద్దామని పుల్లతో తవ్వి అవ్వ చేత వీపు మోగించుకున్నాను.

రెండో ఏడు దాటి నా భుజం ఎత్తు పెరిగాక గానీ ఈ పందెం అసలు సంగతి నా బుర్రకెక్కలేదు. చెట్టు కాస్తే మేం పోతాం. మా ఊళ్ళో బడి మూడో తరగతితో సరి. నేనప్పటికి అయిదులో ఉన్నాను. పక్క క్వార్టరు రూతమ్మ పెద్దమ్మ పెద్ద పుస్తకాలు తెప్పించి నాతో గట్టిగా చదివించేది. వాళ్ళు మాకంటే చాలా ముందే బాయి బతుకులోకి వచ్చినవాళ్ళు, బెల్లంపల్లిలో పనిచేసి ఇక్కడికి మారినవాళ్ళు. ఆమె పిల్లల బడిలో టీచరు. "నువ్వు నా తీర్గ టీచరమ్మవు అయితవు సరోజా" అని ఆమె ఒకసారి అన్నది. ఆ మాట తిన్నగా పోయి నా తలలో ఇల్లు కట్టుకుంది. ఇక చెట్టును చూస్తే ముద్దూ, భయమూ. ఆకు తుడుస్తూనే "కాయకు, కాయకు" అని గొణిగేదాన్ని. అవతలి పక్క నీళ్ళు పోస్తూ అవ్వ "జల్ది కాయవే తల్లీ" అనేది. పాపం ఆ చెట్టు ఎవరి మాట వినాలి?

ఆ ఎండాకాలం ముందర ఒక మధ్యాహ్నం సైరను వేళ కాని వేళ మోగింది. కాలనీ ఆడవాళ్ళంతా ఉన్నవాళ్ళు ఉన్నట్టు బాయి వైపు పరుగెత్తారు. అవ్వ మాత్రం పోలేదు. పెరట్లో జామచెట్టు పట్టుకుని నిలబడి, ఒక్కో ఆకే తుంచుతూ, తుంచింది కింద పడేస్తూ, నా వైపు చూడకుండా ఉండిపోయింది. సైరను యంత్రంలో ఏదో తప్పు వచ్చి మోగిందని, బాపు మామూలు వేళకే నల్లగా నవ్వుకుంటూ వచ్చి చెప్పాడు. అవ్వ నవ్వలేదు. ఆకులు రాలిన కొమ్మ చూపించి "ఇగ ఎన్ని దినాలయ్యా?" అంది. బాపు స్నానానికి కూర్చున్నాడు.

ఉగాది దగ్గరపడేసరికి చెట్టు మొగ్గ తొడిగింది. పచ్చగా, గుండ్రంగా, శనగ గింజంతంత మొగ్గలు. అవ్వ వాటిని చూసి చేసిన సంబరం ఏ పండక్కీ చేయలేదు. నేను మాత్రం తట్టుకోలేకపోయాను. ఆమె నల్లా దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు, రోజుకు నాలుగైదు మొగ్గలు గోటితో గిల్లి మోరీ కాలవలో పడేయడం మొదలుపెట్టాను. బాపుకు ఏదైనా అయితే అన్న భయం నాకు లేదని కాదు. ఉంది. కానీ పదకొండేళ్ళ పిల్లకు బడి పోవడం ఎదురుగా కనబడే సంగతి, బాయిలో జరగబోయేది కనబడని సంగతి. ఉగాది నాడు కొత్త గౌను తొడుక్కుని, అవ్వ బచ్చాలు, అంటే బొబ్బట్లు, కాలుస్తోంది కదా అని గుప్పెడు గిల్లాను. ఇంతలో ఆమె అట్లకాడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. మోరీ దాకా పోయే వ్యవధి లేదు. చెయ్యి అలాగే గౌను జేబులో దోపుకుని, బచ్చం కావాలని ఏడుపు ముఖం పెట్టాను. రెండు బచ్చాలు పెట్టింది. ఒక్కపూట తొడిగినదానికి ఉతుకెందుకని, సాయంత్రం ఆ గౌను మడిచి పెట్టె అడుగున పెట్టింది.

మొగ్గలు ఏమైపోతున్నాయో అవ్వకు అర్థం కాలేదు. "పూత నిలుస్తలేదు, చెట్టుకు బలం లేదు" అని నిర్ణయించింది. ఊళ్ళో అమ్మమ్మ చెట్లకు పొయ్యిలో బూడిద వేసేది, ఆమె వేసిన బీరతీగలు, నిమ్మచెట్టు కొమ్మలు విరిగేలా కాసేవి. మరి మన పొయ్యిలో బూడిదకు కొదవేముంది? పూటకు తట్టెడు. ఆ రోజు నుంచి మా బొగ్గుల బూడిదంతా, కాలీ కాలని గడ్డలతో సహా, చెట్టు మొదట్లో పోసింది. చాలదని పక్క వరుస వాళ్ళ బూడిద కూడా అడిగి తెచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ తల మీద ఉండగా ఆ తట్టలు మోస్తూ ఆమె తిరగడం, ముఖం మీద బూడిదా చెమటా కలిసి చారలు కట్టడం చూస్తూ నేను అటూ ఇటూ కాళ్ళు కాలినట్టు తిరిగేదాన్ని. చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది, మింగేదాన్ని.

తొలకరి పడ్డాక అందరి చెట్లూ పచ్చబడితే మాది పసుపు రంగుకు తిరిగింది. ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. అవ్వ ఇంకో రెండు తట్టలు పోసింది. అప్పుడు రూతమ్మ పెద్దమ్మ తడిక మీదుగా చూసి, కొంగు దోపుకుని లోపలికి వచ్చింది.

"ఏంది చెల్లె, గిదంత బొగ్గు బూడిదనా?"

"అవునక్కా. మా అవ్వ గిట్లనే ఏస్తుండె."

"మీ అవ్వ ఏసింది కట్టెల బూడిద. గిది చెట్టును కాలుస్తది. బెల్లంపల్లిల మా అత్త గిట్లనే ఏసి రెండు నిమ్మచెట్లు పోగొట్టుకున్నది. ఊర్లకెల్లి వచ్చినోళ్లు అందరు చేసే పనే. తియ్యి, తియ్యి, జల్ది తియ్యి."

అవ్వ కూర్చుండిపోయింది.  పారతో తీస్తే చెట్టు వేళ్ళు తెగుతాయని, రెండు చేతులతో బూడిద తోడటం మొదలుపెట్టింది. వాన పడి అది గట్టిగా బిగుసుకుపోయింది. గడ్డలు గీరుకుని ఆమె వేళ్ళు చిట్లాయి. నేనూ పక్కన కూర్చుని తోడాను. నేను గిల్లకపోతే ఆమె బూడిద పోసేదే కాదు. ఇది నా వల్లే చస్తోంది. బూడిద కళ్ళలో పడిందని చెప్పి ఏడ్చాను. రూతమ్మ పెద్దమ్మ ముగ్గురికీ చాయ్ పెట్టి తెచ్చింది.

నది ఇంకా నిండలేదు. మరుసటి రోజే అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఊరికి నడిచింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నా చెయ్యి వదలకుండా దాటించింది. పోతే ఇక రాదేమోనని నా భయం. అమ్మమ్మ ఉండమంది కూడా. ఆమె మాత్రం అక్కడ గ్లాసు మంచినీళ్ళు తాగి, మా పెంట కుప్ప నుంచి మాగిన ఎరువు, చేను గట్టు నుంచి నల్లమట్టి బస్తాలో నింపి, తల మీద పెట్టుకుని, ఆ రోజే మళ్ళీ నదిలో దిగింది. ఊరి కోసం అంత కొట్టుకులాడిన మనిషి ఊళ్ళో గంట సేపు నిలవలేదు. "చెట్టు ఆగదు" అంది.

చెట్టు బతికింది. దసరా నాటికి కింది కొమ్మ మీద ఎర్రటి లేత చిగుళ్ళు వేసింది. ఆ దసరాకు అవ్వ నా గౌను అంచు విప్పి పొడుగు చేద్దామని రేకు పెట్టె అడుగు దాకా తీసింది. నేను బడి నుంచి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. బట్టలన్నీ గోడ అరల్లో, కింద పాత కాగితాలు పరిచి, వరుసగా పేర్చి ఉన్నాయి. పెట్టెలో బియ్యం పోసింది. "పురుగు పడుతున్నది, అందుకే" అంది. నేను ఇంకేమీ అడగలేదు, నాకు ఆకలిగా ఉంది.

మళ్ళీ ఎండాకాలం పూత పూసింది. నేను చెయ్యి పెట్టలేదు. తెల్లని పూలు, నడుమ కుచ్చులా సన్నని కేసరాలు, వాటి మీద నల్లని మసి. వానాకాలానికి ఏడు కాయలు నిలిచాయి. చిలకలు కొట్టకుండా వాటికి పాత గుడ్డ సంచులు కట్టాం. మొదటి పండు లేత పసుపుకు తిరిగిన ఆదివారం బాపు డ్యూటీకి పోలేదు. పీటల మీద కూర్చున్నాం. నేను పండునే చూస్తున్నాను. బాపు ముఖం బాగా లేదు. అవ్వ పండు కడిగి, కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఎట్లున్నది?" అన్నాడు బాపు.

"చప్పగున్నది. ఇంకో కాత సూడాలె."

బాపు ఊపిరి వదిలాడు. నేను లేచి పెరట్లో గిర్రున తిరిగాను. మిగతా పండు ఆమె ఎవరికీ పెట్టలేదు, తానే తింది.

మరుసటి ఏడు "గింజలెక్కువున్నయి" అంది. ఆ పై ఏడు "నీళ్ళు బాగ తాగింది, తీపు పట్టలే" అంది. ఒకసారి వగరు, ఒకసారి పురుగు. మాకు మాత్రం ఆ పండ్లు బెల్లం ముక్కల్లా ఉండేవి. రూతమ్మ పెద్దమ్మ తడిక అవతల నుంచి రోజూ అడిగి తీసుకునేది. అవ్వ నాలుక చెడిందని బాపు ఎగతాళి చేసేవాడు. నేను పది చదివాను, టీచరు ట్రైనింగు చేశాను, నాకు పెళ్ళైంది. ఆమె ప్రతి షిఫ్టుకూ సైరను వింటూనే ఉంది, పిండిలో చెయ్యి ఆగుతూనే ఉంది. ప్రతి ఏడూ మొదటి పండు కొరికి "ఇంకో కాత సూడాలె" అంటూనే ఉంది.

బాపు ఏ దెబ్బా తగలకుండా రిటైరయ్యాడు. క్వార్టరు అప్పగించే రోజు సామాను సర్దడానికి నేనూ వెళ్ళాను. బాపు లారీ మాట్లాడటానికి వెళ్ళాడు. అవ్వ జామచెట్టు కింద కూర్చుని పండు తింటోంది. ఇక భయమేముందని అడిగాను.

"అవ్వా, గిప్పుడన్న నిజం చెప్పు. ఎట్లున్నది?"

"తియ్యగున్నది," అంది. నమిలి, మింగి, "మొదటి కాత నుంచి తియ్యగనే ఉన్నది" అంది.

"మరి గన్నేండ్లు గట్లెందుకన్నవు?"

"గా దసరకు నీ ఉగాది గౌను జేబుల ఎండిన మొగ్గలు దొరికినయి బిడ్డా. చేతుల పోసుకుని సూసిన. నా బిడ్డ పోనంటున్నదని సమజైంది."

 ఎప్పుడో చేసిన దొంగతనానికి అప్పుడు, జుట్టు నెరుస్తున్న వయసులో, సిగ్గుతో ముఖం కాలింది.

"అయితే ఉందమని ఒక్క మాట అంటే అయిపోతుండె గద, అవ్వా?"

"ఎట్లంట? ఉందమని నేనే నా నోటితోని అన్నంక బాయిల మీ బాపుకు ఏమన్న అయితే? పోదమంటే నీ సదువు పాయె. గందుకే ఏదీ అనలే. యేడాదికి ఒక యేడాది జరిపిన." మిగిలిన సగం పండు నా చేతిలో పెట్టింది. "తిను. మంచిగున్నది."

అవ్వ పోయి ఎనిమిదేళ్ళయింది. క్వార్టరు వదిలి ఊరికి పోయాక అక్కడ ఆమె వేసిన జామచెట్టుకు కూడా వంకలే పెట్టింది, అవి మాత్రం నిజం వంకలు. మా క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు. కూలగొట్టి, గనిలో తవ్విన మట్టి తెచ్చి ఆ మేరంతా గుట్టలా పోశారు. నల్లా లేదు, తడిక లేదు, తెల్లవారుజామున బొగ్గు కుప్పల పొగ లేదు, అవ్వ ఎక్కి ఊరి తాటిచెట్లు చూసిన దిబ్బ ఆ మట్టిగుట్ట కింద ఎక్కడో ఉంది. మొన్న కూడా వెళ్ళి వెతికాను. మా పెరడు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను.

బస్సు వచ్చింది. చేతిలో ముక్క ఇంకా అలాగే ఉందని అప్పుడు చూసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పూకారం వెనక నుంచి తీపి నెమ్మదిగా వచ్చింది, నిజమైన తీపి, మా పెరట్లోది లాంటిదే.

"తియ్యగున్నదా అమ్మా?" అన్నాడు బండి అతను.

"ఇంకో కాత సూడాలె," అన్నాను.